మొదటి పేజీ లేని నకలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఏప్రిల్ నెల మొదటి వారంలో, నన్ను నీటిపారుదల శాఖలోని అంతర్రాష్ట్ర జలాల విభాగానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. మా ప్రధాన కార్యాలయం పంజగుట్ట వైపు. అక్కడ గదులు చాలక మా విభాగాన్ని అమీర్‌పేటలో ఒక అద్దె భవనం మూడో అంతస్తులో పెట్టారు. కింద రెండు అంతస్తులూ కంప్యూటర్ కోర్సులవాళ్లవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మెట్ల మీద కుర్రాళ్లూ అమ్మాయిలూ బారులు కట్టి ఉండేవారు. వాళ్లను తప్పించుకుంటూ పైకెక్కడం మాకు రోజూ ఒక పని. మా గుమ్మం పక్కన గోడకు తగిలించిన నది పటం చూసి కూడా, "మేడమ్, కొత్త బ్యాచ్ ఎప్పుడు?" అని అడిగినవాళ్లున్నారు.

నది పేరు రాయడం లేదు. రెండు రాష్ట్రాల మధ్య ఆ నీటి కేసు ఇంకా తేలలేదు. నాలాంటివాళ్లు రాసిన మాట ఎవరికి ఎలా పనికొస్తుందో చెప్పలేం. పెద్ద నదిలో కలిసే ఉపనది అనుకుంటే చాలు. ఎగువ రాష్ట్రంలో దాని మీద ఒక ఆనకట్ట ఉంది. అక్కడి నుంచి వదిలిన నీళ్లు సరిహద్దు దాటి మన వైపుకు వస్తాయి. సరిహద్దుకు ఇవతల మన కొలత కేంద్రం, దానికి కింద మన కాలువలు, కాలువల చివర మన రైతులు. చివరి భూములవాళ్లకు మంచి ఏడాదిలోనే నీళ్లు అందడం కష్టం.

మా విభాగం పని నీళ్లివ్వడం కాదు, ఎన్ని నీళ్లు వచ్చాయో చెప్పడం. నది ఒడ్డున మెట్లు మెట్లుగా దిగుతూ రాతి స్తంభాలు పాతి, వాటి మీద మీటర్లు, సెంటీమీటర్ల గీతలు గీస్తారు. దాన్ని గేజి అంటాం. రోజూ ఉదయం ఎనిమిదింటికి నీటిమట్టం ఏ గీత దగ్గర ఉందో గేజి రీడర్ చూసి రిజిస్టర్‌లో రాస్తాడు. ఆ మట్టానికి సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతుందో ముందే కొలిచి తయారుచేసిన పట్టిక ఉంటుంది. మట్టం నుంచి ప్రవాహం అలా తెలుస్తుంది. వినడానికి తేలికైన పనే. కానీ ఒకే నదికి ఎగువవాళ్ల పట్టిక ఒకటి, మనది ఒకటి. వాళ్లు వదిలామన్న నీళ్లు మన గేజి దగ్గర ఎప్పుడూ తక్కువే కనిపించేవి. మధ్యలో ఇంకిపోయాయని వాళ్లూ, అసలు వదల్లేదని మనవాళ్లూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఉత్తరాల ఫైళ్లే మా గదిలో ఒక గోడంతా.

ఆ కేంద్రంలో గేజి రీడర్ పేరు యాదయ్య. యాభై ఏళ్ల మనిషి. వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగి, అంటే పని ఉన్నంతకాలమే ఉద్యోగం, పర్మనెంట్ కాదు. నేను చేరేసరికే ఆ గేజి దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాడు. ఎనిమిదింటికి మట్టం చూసుకుని, ఊళ్లోకి నడిచివెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసేవాడు. మొదటి నెలలోనే ఒక రోజు అంకె చెప్పాక ఆగి అన్నాడు: "మేడం, గీ నది ఎన్కటి లెక్క లేదు. ఎన్కట వాన పడితే నెల దినాలు నెమ్మదిగ వచ్చేటియి నీళ్లు. ఇప్పుడు మూడు దినాల్లనే అన్నీ వచ్చి పోతున్నయ్. తర్వాత ఇసుకనే."

అది నిజమని నాకు రిజిస్టర్లలో కనిపించింది. మా పట్టికలూ, రెండు రాష్ట్రాల వాటాల లెక్కలూ నెల దినాలు నెమ్మదిగా వచ్చే నది కోసం తయారుచేసినవి. వాన తీరు మారింది. ఒప్పందం మారలేదు. వాన తక్కువైన ఏడాది కొరతను ఎవరు ఎంత మోయాలో దాంట్లో ఒక్క వాక్యం లేదు. వాన ఒక్కసారిగా పడితే ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పాలో కూడా లేదు.

మే నెలలో పంజగుట్ట ఆఫీసులో రెండు రాష్ట్రాల ఇంజనీర్ల సమావేశం జరిగింది. అక్కడే హణమంతప్పగారిని మొదటిసారి చూశాను. ఎగువ ఆనకట్ట లెక్కలు చూసే ఇంజనీరు, హోదాలో నాతో సమానం, వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. సరిహద్దు జిల్లా మనిషి కావడంతో తెలుగు బాగా వచ్చు. మీటింగ్‌లో ఇరుపక్షాల పెద్దలూ ఎప్పటి మాటలే చెప్పుకున్నారు. అది అయ్యాక ఆయన నా దగ్గరికి వచ్చి, "మేడమ్ గారూ, టీ ఏడ దొరుకుతుంది?" అన్నారు. చౌరస్తాలో ఉన్న ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లాను. బయట ట్రాఫిక్ మోతలో ఒకరి మాట ఒకరికి వినిపించక బల్ల మీదికి వంగి మాట్లాడుకున్నాం.

"మీ రిజిస్టర్ తప్పంటాము మేము, మాది తప్పంటారు మీరు. రెండూ తప్పే మేడమ్ గారూ," అన్నారాయన. "మా పెద్దలు డ్యామ్‌లో ఉండేది తగ్గించి రాయమంటారు. మీ పెద్దలు గేజి దగ్గర వచ్చేది తగ్గించి రాయమంటారు. ఈ ఏడు వాన రాకపోతే ఈ దొంగ లెక్కల మీద ఎవరికి నీళ్లు పంచుతాము?"

అంత సూటిగా ఒక ఇంజనీరు మరో రాష్ట్రపు ఇంజనీరుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నేనూ దాచలేదు. మా వైపు ఏం జరుగుతుందో చెప్పాను. మీటింగ్ ఎజెండా కాగితం వెనక పక్క ఆయన లెక్క మొదలుపెట్టారు. డ్యామ్‌లో నిజంగా ఉన్న నీళ్లు, గేజి దగ్గర నిజంగా వచ్చిన నీళ్లు రోజూ ఒకరికొకరు చెప్పుకోవాలి. పది రోజులకోసారి రెండు వైపులా పైరుకు ఎంత కావాలో చూసి, కొరత ఉంటే ఇద్దరూ వాటాల ప్రకారం తగ్గించుకోవాలి. వరద వస్తే గేట్లు ఎత్తక ముందే కింద ఉన్నవాళ్లకు చెప్పాలి. ఇంతే.

దీన్ని పై అధికారుల చేత ఒప్పించడానికి నెలన్నర పట్టింది. మా విభాగం పెద్ద సూపరింటెండింగ్ ఇంజనీరు వెంకటేశ్వర్లుగారు. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు, రిటైర్మెంట్‌కు మూడేళ్ల దూరంలో ఉన్నారు. "ఏంటమ్మా ఇది? వాళ్లకు మన లెక్కలిచ్చి మనం ఏం బావుకుంటాం?" అన్నారు మొదట. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యేసరికి ఒక్క సీజన్‌కు ప్రయోగంగా చేసి చూడమన్నారు. అటు హణమంతప్పగారి పై అధికారీ ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఇలా చెప్పుకున్న అంకెలను ఏ కోర్టులోనూ ట్రిబ్యునల్‌లోనూ ఎవరూ సాక్ష్యంగా వాడకూడదు. షరతు న్యాయమైనదే. అది లేకపోతే నిజం చెప్పినవాడే ఓడిపోతాడు.

కొత్త రిజిస్టర్ తెరిచాం. మొదటి పేజీ మీద ఆ షరతును ఇంగ్లీషులో నా చేతిరాతతో రాశాను. నాలుగు వాక్యాలు. కింద ఇద్దరు సూపరింటెండింగ్ ఇంజనీర్లూ, హణమంతప్పగారూ, నేనూ సంతకాలు చేశాం. రెండో పేజీ నుంచి అంకెలు.

ఆ వానాకాలం రెండు రాష్ట్రాలకూ గడ్డుగానే నడిచింది. అమీర్‌పేటలో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు కూడా రావడం మానేసి, మా సందులో ట్యాంకర్ చుట్టూ హాస్టల్ పిల్లల బకెట్లు వరసలు కట్టేవి. నేను సాయంత్రాలు మా భవనం మొదటి అంతస్తులోనే ఒక క్లాసులో చేరి కంప్యూటర్‌లో పట్టికలు వేయడం నేర్చుకున్నాను. నలభై నాలుగేళ్ల దాన్ని, చుట్టూ ఇరవై రెండేళ్లవాళ్లు. రెండు నెలల్లో మా ఉమ్మడి లెక్కంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పొద్దున ఎనిమిదిన్నరకు యాదయ్య ఫోన్, తొమ్మిదికి హణమంతప్పగారి ఫోన్. "మా డ్యామ్‌లో ఇవాళ ఉండేదింతే మేడమ్ గారూ, దాచిపెట్టేదేమీ లేదు," అనేవారు. పది గంటలకల్లా ఎంత వదలాలో, ఎవరికి ఎంత కోత పడుతుందో నా దగ్గర తేలిపోయేది.

కాలువ చివరి రైతుల సంఘంవాళ్లను పిలిపించి, ఈ ఏడు సగం భూమిలోనే వరి వేయమని, మిగతా సగంలో జొన్నో కందో వేసుకోమని చెప్పాం. వేసిన సగానికి నీళ్లు తప్పకుండా వస్తాయని మాట ఇచ్చాను. సెప్టెంబరులో పైరు పొట్టమీద ఉన్నప్పుడు, ఎగువవాళ్లు తమ కాలువలు నాలుగు రోజులు కట్టి మనకు నీళ్లు వదిలారు. వాళ్ల రైతులు డ్యామ్ ఆఫీసు ముందు ధర్నా చేశారు. అయినా వదిలారు. చివరి భూముల్లో వేసిన సగం వరీ పండింది. నా ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నేను లెక్క వేసిన నీళ్లు నేను చెప్పిన రోజున చెప్పిన చోటికి చేరడం ఆ ఒక్కసారే చూశాను.

రబీకి కూడా అలాగే కొనసాగించాలని రెండు వైపులా అనుకున్నాం. డిసెంబరులో నారు పోయించాం.

జనవరి రెండో వారంలో వెంకటేశ్వర్లుగారు పిలిచారు. పాత కేసులో మన రాష్ట్రం కొత్త పిటిషన్ వేస్తోందనీ, ఎగువ రాష్ట్రం నీళ్లుంచుకుని లేవన్నట్టు చూపిస్తోందని రుజువు కావాలనీ ప్రభుత్వ న్యాయవాది అడిగారట. ఉమ్మడి రిజిస్టర్‌లో హణమంతప్పగారు రోజూ చెప్పిన డ్యామ్ అంకెలున్నాయి. వాళ్ల ప్రభుత్వం బయటికి చెప్పే అంకెల కంటే అవి ఎక్కువ. అంతకంటే మంచి రుజువు ఎక్కడా దొరకదు.

షరతు గుర్తుచేశాను. ఆయన "ఆ షరతుకు చట్టబద్ధత లేదంటున్నారమ్మా. నువ్వూ నేనూ రాసుకున్న కాగితం రాష్ట్రాన్ని కట్టేస్తుందా?" అన్నారు. "మొదటి పేజీ అక్కర్లేదు. రెండో పేజీ నుంచి జెరాక్స్ తీయించి, నిజమైన నకలు అని నువ్వు సంతకం పెట్టి పంపు."

ప్రభుత్వ కాగితం నకలు కోర్టుకు వెళ్లాలంటే అసలును దగ్గర ఉంచుకున్న అధికారి ఆ మాట రాసి సంతకం చేయాలి. అసలు నా దగ్గరే ఉంది. ఆ సంతకం నేనే చేయాలి.

రెండు రోజులు ఆపాను. మూడో రోజు పంజగుట్ట నుంచి చీఫ్ ఇంజనీరే నేరుగా ఫోన్ చేశారు. నాకు అప్పటికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఆయన ఆ సంగతి ఎత్తలేదు, ఎత్తవలసిన అవసరమూ లేదు. ఇదొక్కటే కారణమని చెప్పి తప్పించుకోను. కేసు గెలిస్తే మన రైతులకు ఎప్పటికీ నీళ్లు ఖాయమవుతాయని నేను కూడా కొంత నమ్మాను. రోజూ ఫోన్‌లో బతిమాలుకునే ఏర్పాటు కంటే తీర్పు గట్టిదనుకున్నాను.

కింది వీధిలో జెరాక్స్ షాపుకు నేనే వెళ్లాను. కోర్సుల మెటీరియల్ తీయించుకునే పిల్లల వెనక అరగంట నిలబడ్డాను. రెండో పేజీ నుంచి తీయించాను. పైకి వచ్చి ప్రతి పేజీ కింద సంతకం పెట్టి ముద్ర వేశాను. హణమంతప్పగారికి ముందుగా ఒక మాట చెప్పవచ్చు. ఫోన్ బల్ల మీదే ఉంది. చెప్పలేదు.

పిటిషన్ వేసిన వారంలోనే ఎగువవాళ్లు గేట్లు దించేశారు. తొమ్మిదింటి ఫోన్ ఆగిపోయింది. ఫిబ్రవరి చివరికి మన వైపు కాలువ చివర నాటిన పొలాలు నెర్రెలు విచ్చాయి. నేను ఒకసారి వెళ్లి చూశాను. రైతు సంఘం అధ్యక్షుడు పశువులను పైర్లలోకి తోలుతున్నాడు, మేసినంత మేస్తాయని. వచ్చిన జీపు శబ్దం విని తల తిప్పి చూసి, మళ్లీ పశువుల వెంట వెళ్లిపోయాడు.

మార్చిలో హణమంతప్పగారి నుంచి ఒక్కసారి ఫోన్ వచ్చింది. ఆఫీసు నుంచి కాదు, ఇంటి నుంచి చేశారు. ఆయన మీద శాఖాపరమైన విచారణ వేశారట. అనుమతి లేని అంకెలు బయటి రాష్ట్రానికి ఇచ్చారన్నది అభియోగం. అనుమతి ఉందని చూపించడానికి ఆయనకు ఆ షరతు కాగితం కావాలి. వాళ్ల వైపున్న నకలు వాళ్ల ఆఫీసులో కనిపించడం లేదన్నారు.

"కోర్టు కాగితాల్లో మొదటి పేజీ లేదు మేడమ్ గారూ," అన్నారు. "అది మీ చేత్తోనే రాసినారు కదా."

పంపిస్తానన్నాను. వెంకటేశ్వర్లుగారిని అడిగితే, ఇప్పుడు అది బయటపెడితే మన పిటిషన్ దెబ్బతింటుందన్నారు. రిజిస్టర్ అసలును పంజగుట్ట ఆఫీసు బీరువాలోకి తెప్పించుకున్నారు. నేను పంపలేకపోయాను. ఆ సంగతి చెప్పడానికి హణమంతప్పగారికి ఫోన్ చేస్తే అంతా విని, "మంచిది మేడమ్ గారూ," అని పెట్టేశారు. ఆయనను ఎక్కడో చిన్న చెరువుల సెక్షన్‌కు వేశారనీ, రెండు ఇంక్రిమెంట్లు కోసారనీ తర్వాత విన్నాను.

ఏప్రిల్‌లో మాకు ఒక ఉత్తర్వు వచ్చింది. ఎగువ రాష్ట్ర అధికారులతో ఇంజనీర్లు నేరుగా మాట్లాడకూడదు. సమాచారం ఏదైనా అధికారిక మార్గంలో, అంటే వాళ్ల ప్రధాన కార్యాలయం నుంచి పంజగుట్టలోని మా ప్రధాన కార్యాలయానికి ఫ్యాక్స్‌లో రావాలి. అక్కడి నుంచి మెమో మీద మా విభాగానికి వస్తుంది. నాకు జూన్‌లో ప్రమోషన్ వచ్చింది, అదే విభాగంలో.

ఆ ఆగస్టులో వాన పట్టుకుంది. యాదయ్య చెప్పినట్టే నెల వాన మూడు రోజుల్లో పడింది. ఎగువన శుక్రవారం మొదలై శనివారమంతా ఆగలేదు. ఆదివారం నేను చర్చికి బయల్దేరుతుండగా ఎస్సార్ నగర్‌లోని మా ఇంటికి యాదయ్య ఫోన్ చేశాడు. ఆఫీసుకు సెలవు కాబట్టి ఇంటి నంబరు నేనే ఇచ్చి ఉంచాను.

"మేడం, నీళ్లు మస్తు పెరుగుతున్నయ్. ఆరింటి నుంచి ఇప్పటికి రెండు స్తంభాలు మునిగినయ్. పైనుంచి ఏమన్న చెప్పిన్రా?"

ఏమీ రాలేదన్నాను. నాకు తెలిసినంతలో అది నిజం. "గేట్లు ఎత్తితే చెబుతారు యాదయ్యా. ఇవి వాగుల నీళ్లే అయి ఉంటాయి. గంటగంటకూ మట్టం రాసుకో," అన్నాను. వరదలో గేజి రీడింగ్ గంటకోసారి తీయాలన్నది మా నియమం. పట్టికలో పై మట్టాలకు కొలతలు అరుదుగా దొరుకుతాయి కాబట్టి వరద రోజు అంకెలు ఎంతో విలువైనవి.

"సరే మేడం, పోతున్న," అన్నాడు.

ఫోన్ పెట్టాక డ్యామ్ కంట్రోల్ రూమ్ నంబరు గుర్తొచ్చింది. ఏడు నెలలు రోజూ మాట్లాడుకున్న నంబరు, కంఠస్థం. ఒక్క ఫోన్ చేస్తే గేట్ల సంగతి తెలిసిపోయేది. చేయలేదు. ఉత్తర్వు ఉందన్నది ఒక కారణం. హణమంతప్పగారి కుర్చీలో కూర్చున్న మనిషికి నా పేరు చెప్పడానికి మొహం చెల్లకపోవడం అసలు కారణం. చర్చికి వెళ్లాను.

మా గేజి దగ్గర చిన్న రాతి గది ఒకటి ఉంటుంది, రిజిస్టర్లూ కొలత పరికరాలూ పెట్టుకోవడానికి. అది గట్టు మీదే గాని వెనక ఒక వాగు ఉంది. నది బాగా పెరిగితే ఆ వాగులోకి నీళ్లు ఎదురెక్కుతాయి. అప్పుడు గది ఉన్న మిట్ట చుట్టూ నీళ్లే. ఉదయం పది దాటాక ఎగువ గేట్ల నీళ్లు సరిహద్దు చేరాయి. అవతలి గట్టున గొర్రెలు కాచుకునేవాళ్లు చూసి చెప్పిందేమిటంటే, యాదయ్య పదకొండు ప్రాంతంలో గది కప్పు మీదికెక్కాడు. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. వీళ్లు కేకలు వేశారు. ఆ హోరులో వినపడే వీల్లేదు. మధ్యాహ్నం ఒంటిగంటలోపు గది కూలిపోయింది.

మూడు రోజులకు ఏడు మైళ్ల దిగువన దొరికాడు.

సోమవారం పొద్దున నేను పంజగుట్ట ఆఫీసుకు వెళ్లేసరికి ఫ్యాక్స్ గది తాళం అప్పుడే తీస్తున్నారు. మిషన్ కింద నేల మీద కాగితం చుట్ట చుట్టుకుని పడి ఉంది. ఆదివారం ఉదయం ఆరు దాటి పన్నెండు నిమిషాలకు వచ్చినట్టు పైన అచ్చయి ఉంది. గేట్లు ఎత్తుతున్నామనీ, దిగువన ఒడ్డున ఉన్నవాళ్లను ఖాళీ చేయించమనీ రెండు వరసలు. అది యాదయ్య నాకు ఫోన్ చేయడానికి రెండు గంటల ముందు వచ్చింది.

విచారణ జరిగింది. ఎగువవాళ్లు నిర్ణీత మార్గంలో హెచ్చరిక పంపారు, దానికి మిషన్ ముద్ర సాక్ష్యం. మనవాళ్లు సెలవు దినాన మూసి ఉన్న కార్యాలయంలో దాన్ని అందుకున్నారు, అందులో నియమ ఉల్లంఘన లేదు. గేజి రీడర్ నియమం ప్రకారం విధిలో ఉన్నాడు. ఇలా అందరూ సక్రమంగానే చేసినట్టు తేలింది. నా వాంగ్మూలంలో ఫోన్ సంగతి చెప్పాను. డ్యామ్‌కు ఫోన్ చేయకపోవడం ఉత్తర్వును పాటించడమేనని రాసుకున్నారు. ఆ ఫ్యాక్స్ కాగితాన్ని తర్వాత ఎగువ రాష్ట్రం తమ జవాబు పిటిషన్‌కు జతపరిచింది.

అక్టోబరులో యాదయ్య భార్య సాయమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పంజగుట్ట ఆఫీసుకు వచ్చింది. వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగి కాబట్టి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే నియమం వర్తించదని చెప్పే పని నాకు అప్పగించారు. చెప్పాను. ఆమె అది ముందే విన్నట్టుంది. దాని గురించి ఏమీ అడగలేదు. చేతిలోని సంచి ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"పైనుంచి నీళ్లిడుస్తున్నట్టు మీకు ముందుగాల ఎరుక లేదా మేడం?"

తెలియదని ఆగిపోవచ్చు. ఆగలేకపోయాను. "నాకు తెలియదమ్మా. ఈ ఆఫీసుకు తెలుసు. పొద్దున ఆరింటికే కాగితం వచ్చింది. ఆదివారం గదికి తాళం వేసి ఉంది," అన్నాను.

ఆమె తమ్ముడు ఏదో అనబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది. "తాళంచెవి ఎవరి తాన ఉంటది?" అని అడిగింది.

"కింద వాచ్‌మన్ దగ్గర."

"ఇదే బిల్డింగులనా?"

"ఇదే బిల్డింగ్‌లో."

ఆమె తమ్ముణ్ణి లేపి, నాకు దండం పెట్టి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. వాళ్లిద్దరూ రోడ్డు దాటడానికి చాలాసేపు నిలబడ్డారు. సిగ్నల్ ఎప్పుడు ఎవరికి పడుతుందో వాళ్లకు తెలియలేదు. చివరికి ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ దాటించాడు.

ఆ తర్వాత నేను అడిగి మరీ భవనాల విభాగానికి మారాను. నదుల పని మళ్లీ ముట్టుకోలేదు. వెంకటేశ్వర్లుగారు రిటైరై రెండేళ్లకే పోయారు. హణమంతప్పగారికి నేను రిటైరైన ఏడాది ఒక ఉత్తరం రాశాను. జరిగినదంతా రాశాను, యాదయ్య సంగతితో సహా. జవాబు రాలేదు. అందిందో లేదో కూడా తెలియదు. పిటిషన్ మొదటి వాదనల్లోనే సాంకేతిక కారణం మీద తిరిగి వచ్చింది. నేను సంతకాలు పెట్టిన ఆ నకళ్లను న్యాయమూర్తి ఎవరూ తెరిచి చూడలేదని తర్వాత మా న్యాయవాదే చెప్పారు.

ఈ వృత్తి గురించి అడిగేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగానే. రెండు రాష్ట్రాలు పంచుకునే నదిలో నీళ్ల కంటే ముందు రావలసింది నిజమైన అంకె. అది ఉత్తర్వుతో రాదు, అవతలివాడు చెబితేనే వస్తుంది. ఒకరోజు చెప్పినదాన్ని అతని మీదికే తిప్పితే ఆ ఒక్క అంకె మనకు దక్కుతుంది. మర్నాటి నుంచి రావలసినవి రావు. వాన తీరు తప్పిన కాలంలో ప్రాణాల మీదికి వచ్చేది ఆ రానివాటి వల్లే. ఇది నాకు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ తెలుసు. షరతుకు చట్టబద్ధత లేదని చెప్పినప్పుడు నేను ఒప్పుకున్నాను. చట్టం కాపాడని మాట గనుక దాన్ని కాపాడవలసింది రాసిన నేనే అన్నది మాత్రం అప్పుడు తోచలేదు. తోచేనాటికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు.